జరిమానాకు మూడు దఫాలు

భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 464వ సెక్షన్ అరపేజీ కూడా ఉండదు. జరిమానా పడిన మనిషి దగ్గర ఆ పూట డబ్బు లేకపోతే కోర్టు ఏం చెయ్యాలన్నదే అందులోని విషయం. మెజిస్ట్రేటు జరిమానా ఎంతో చెప్పారు, కట్టకపోతే ఇన్నాళ్లు జైలు అనీ చెప్పారు. శిక్ష పడినవాడి జేబులో అంత సొమ్ము లేదు. అలాంటప్పుడు కోర్టు ముప్పై రోజులకు మించని తేదీ ఒకటి వేసి, ఆలోపు మొత్తం కట్టమని చెప్పవచ్చు. లేదా జరిమానాను రెండు మూడు వాయిదాలుగా విడగొట్టవచ్చు. మొదటి వాయిదా ముప్పై రోజుల లోపల కట్టాలి, తర్వాతవాటికి ఒక్కోదానికీ మధ్య ఎడం ముప్పై రోజులు దాటకూడదు. ఈలోగా జైలుశిక్ష అమలును నిలిపి, బాండు రాయించుకుని మనిషిని ఇంటికి పంపవచ్చు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఏర్పాటు కాదు. 2024 జూలై 1న కొత్త సంహిత అమల్లోకి వచ్చేదాకా ఇది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 424వ సెక్షన్. అంతకు ముందు 1898 కోడ్‌లో 388వది. నిజాం పాలనలో ఉండిన మన ప్రాంతానికి ఆ కోడ్ 1951లో వచ్చింది. సెక్షన్ నంబరు మారుతూ వచ్చింది గానీ 1973 నాటి మాటలు ఇవాళ్టికీ దాదాపు అలాగే ఉన్నాయి. బాగా కుదిరిన పని కాబట్టే ఎవరూ చెయ్యి పెట్టలేదని నాకనిపిస్తుంది. ఒక్కచోట మాత్రం పెట్టి ఉండాల్సింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఈ సెక్షన్‌ను జీడిమెట్లలో నిలబడి చదివితే దాని విలువ బాగా తెలుస్తుంది. కుత్బుల్లాపూర్ మండలంలోని ఈ పారిశ్రామికవాడలో మందుల కంపెనీలున్నాయి, రసాయనాల ఫ్యాక్టరీలున్నాయి, లేత్ షాపులు, ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్లు ఉన్నాయి. శాపూర్‌నగర్, చింతల్, సూరారం, గాజులరామారం వైపుల నుంచి వాటిలోకి షిఫ్టులకు వచ్చేవాళ్లవి నెల జీతాల బతుకులు. ఇంటి అద్దె, కిరాణా కొట్టు ఖాతా, పిల్లల స్కూలు ఫీజు, చిట్టీ కిస్తీ, అన్నీ జీతం పడిన వారంలోనే తీరిపోవాలి. అలాంటి ఇంట్లోకి కోర్టు జరిమానా అడుగుపెట్టే దారులు తెలిసినవే. తాగి బండి నడిపి దొరికితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. 2019 సవరణకు ముందు ఆ జరిమానా 2,000 లోపే ఉండేది. చిన్న షెడ్డు నడిపే యజమాని అయితే చెక్ బౌన్స్ కేసు. అక్కడ జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా వెళ్లవచ్చు.

ముందు ఆ ముప్పై రోజుల లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూద్దాం. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం ప్రకారం వెయ్యిమందికి తక్కువ పనిచేసే చోట నెల తిరిగిన ఏడో రోజు లోపల జీతం ఇచ్చెయ్యాల్సి ఉండేది; 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2019 నాటి వేతనాల కోడ్ కూడా నెల జీతాలకు అదే ఏడో రోజు గడువు పెట్టింది. జీడిమెట్ల షెడ్లలో చాలా వాటికి వర్తించేది ఈ లెక్కే. ఒక లేత్ ఆపరేటరుకు జూన్ 12న 9,000 జరిమానా పడిందనుకుందాం. కోర్టు మూడు వాయిదాలిచ్చింది. మొదటి 3,000 జూలై 10న, రెండోది ఆగస్టు 9న, మూడోది సెప్టెంబరు 8న కట్టేటట్టు తేదీలు పడ్డాయి. మొత్తం ఎనభై ఎనిమిది రోజులు. ప్రతి తేదీ ఏడో తారీఖు దాటాకే వచ్చింది, అంటే చేతిలో జీతం పడ్డాకే. జూలైకీ ఆగస్టుకూ ముప్పై ఒక్క రోజులు కాబట్టి వాయిదా వాయిదాకూ తేదీ ఒక రోజు వెనక్కి జరుగుతుంది. మొదటిది ఏడో తారీఖున పెట్టించుకుంటే రెండోది ఆరో తారీఖున, జీతం పడకముందే వచ్చి కూర్చుంటుంది. అందుకని వకీలు కాస్త లెక్క చూసి పదో తారీఖు అడగాలి. ఆ మాత్రం సర్దుబాటుకు సెక్షన్‌లో చోటుంది. ముప్పై రోజులకు మించకూడదంటుందే తప్ప సరిగ్గా ముప్పయ్యో రోజే కట్టాలని అనదు.

ఇక బాండు. శిక్ష పడిన మనిషి రాసిచ్చే ఆ పత్రంలో షరతు ఏమిటో గమనించాలి. డబ్బు కట్టాల్సిన తేదీకి కోర్టు ముందు హాజరవుతానన్నదే ఆ షరతు. ఆస్తి చూపించమనడం లేదు, జీతం మీద హక్కు రాసిమ్మనడం లేదు. జామీనుదారులు ఉండాలా అక్కర్లేదా అన్నది కోర్టు విచక్షణకే వదిలేశారు. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చి సుభాష్‌నగర్‌లో గది తీసుకుని ఉంటున్న హెల్పరుకు ఇక్కడ పూచీ నిలిచే చుట్టం ఎక్కడ దొరుకుతాడు? జామీనుదారుడు తప్పనిసరి అని రాసి ఉంటే ఈ వెసులుబాటు అలాంటివాడికి అందేదే కాదు. అలా రాయకపోవడం వల్ల ఈ సెక్షన్ సొంతూళ్లోవాడికీ పరాయి ఊళ్లోవాడికీ సమానంగా అందుతుంది. దీన్ని రాసినవాళ్ల చూపు ఎంత దూరం వెళ్లిందో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

అలాగని వదులుగా కూడా ఉంచలేదు. వాయిదాకు ఆఖరి తేదీ దాటి డబ్బు రాకపోతే, ఆపి ఉంచిన జైలుశిక్షను వెంటనే అమలు చెయ్యమని కోర్టు ఆదేశించవచ్చు. కొత్తగా కేసు నడపాల్సిన పనిలేదు, మళ్లీ సాక్ష్యాలు అక్కర్లేదు. లేత్ మీద షాఫ్టు తిప్పేవాడు మైక్రోమీటరుతో చూసి బేరింగులో తిరిగేటంత వదులు, ఊగనంత బిగువు ఉంచినట్టు ఉంటుంది ఈ కూర్పు.

రెండో ఉపసెక్షన్‌ను చాలామంది చదవకుండా వదిలేస్తారు. జరిమానా ఒక్కటే కాదు, కట్టకపోతే జైలుకు పంపగలిగే ఏ సొమ్ము చెల్లింపు ఉత్తర్వుకైనా ఇదే వాయిదాల పద్ధతి వర్తిస్తుందని అది చెప్తుంది. చెక్ బౌన్స్ కేసుల్లో ఇది బాగా పనికొస్తుంది. ఆ కేసుల్లో జరిమానా బదులు నష్టపరిహారం కట్టమని ఉత్తర్వు ఇవ్వడం మామూలే. దానికి కూడా, కట్టకపోతే జైలు అన్న షరతు జోడించవచ్చని సుప్రీంకోర్టు 2009లో విజయన్ వర్సెస్ సదానందన్ కేసులో తేల్చింది. అలాంటి షరతు పెట్టినప్పుడు దాని వెంట ఈ వాయిదాల దారి కూడా వస్తుంది. సరుకు అమ్మినవాడికి డబ్బు ముడుతుంది, షెడ్డు మూతపడదు, అందులో పనిచేసే నలుగురి జీతాలూ ఆగవు.

వాయిదా తప్పి మనిషి లోపలికి వెళ్లాడనుకుందాం. చట్టం అక్కడితో చెయ్యి దులుపుకోదు. ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం అక్కడే ఉంది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 69వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 8వ సెక్షన్‌లో చేరింది. జరిమానా కట్టనందుకు జైల్లో ఉన్నవాడు, అప్పటిదాకా గడిపిన జైలుకాలాన్ని లెక్కలో పెట్టి మిగతా భాగం కడితే చాలు, విడుదలవుతాడు. దాన్ని అరటిపండు ఒలిచినట్టు చెప్పే ఉదాహరణ సెక్షన్‌లోనే ఉంది. ఒకడికి 1,000 రూపాయల జరిమానా, కట్టకపోతే నాలుగు నెలల జైలు. మొదటి నెల నిండకముందే 750 కడితే, ఆ నెల పూర్తవగానే వదిలేస్తారు. నెల నిండిన రోజునో ఆ తర్వాతో కడితే అక్కడికక్కడే వదిలేస్తారు. రెండు నెలలు నిండకముందు 500 కడితే రెండో నెల పూర్తవగానే విడుదల. పీనల్ కోడ్‌లో ఈ ఉదాహరణ 100 రూపాయలతో ఉండేది. కొత్త సంహితలో అంకెను పదింతలు చేశారు, లెక్క మాత్రం ఏం మారలేదు.

ఈ లెక్కను రోజుల్లోకి దించి చూడండి. నాలుగు నెలలను 120 రోజులనుకుంటే, జైల్లో గడిచిన ఒక్కో రోజు బయటపడటానికి కట్టాల్సిన సొమ్ములో సుమారు 8 రూపాయల 33 పైసలు తగ్గిస్తుంది. నలభై అయిదు రోజులు గడిచాయనుకోండి. అంటే 120లో నూటికి ముప్పై ఏడున్నర వంతు అయిపోయింది. ఆ వంతుకు సరిపడా 375 రూపాయలు కట్టకుండా మిగిలినా ఫర్వాలేదు. భార్య 625 రూపాయలు తెచ్చి కడితే అతను ఆ రోజే బయటికి రావచ్చు. ఇంట్లో ఉన్నవాళ్లు కాగితం మీద వేసుకోగల లెక్క ఇది. మొత్తం సమకూరేదాకా ఎదురుచూడక్కర్లేదు, వడ్డీ వ్యాపారి దగ్గర పూర్తి సొమ్ము తేనక్కర్లేదు. ఎంత పోగైతే అంత మేరకు జైలుకాలం తగ్గుతుంది. ఒక మనిషి స్వేచ్ఛను పైసల దాకా లెక్కగట్టి తిరిగి ఇవ్వడానికి రాసిన వాక్యం ఇది. ఇంత శ్రద్ధగా రాసినవాళ్ల మీద నాకు ఎనలేని గౌరవం.

అయితే జైలుకాలం గడిచినంత మాత్రాన జరిమానా బాకీ దానంతటదే చెరిగిపోదు. ఆరేళ్ల దాకా దాన్ని వసూలు చేసే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. కట్టనందుకు వేసిన జైలు మొత్తం అనుభవించినవాడి మీద మాత్రం, ప్రత్యేక కారణాలు రాసిపెడితేనో, బాధితుడికి పరిహారం ఇవ్వాల్సి ఉంటేనో తప్ప, మళ్లీ జప్తు వారంటు ఇవ్వకూడదని సురక్షా సంహిత 461వ సెక్షన్ అడ్డుకట్ట వేసింది. జరిమానా కట్టనందుకు పడే జైలు అసలు శిక్ష కాదని, కట్టనందుకు పడే దండన మాత్రమేనని సుప్రీంకోర్టు 2007లో శాంతిలాల్ కేసులో వివరించింది. అంతకు చాలా ముందు, 1951లోనే, ఆదంజీ ఉమర్ దలాల్ కేసులో, జరిమానా వేసేటప్పుడు నేరం ఎంత పెద్దదో చూసినట్టే ముద్దాయి ఆర్థిక స్థితినీ చూడాలని చెప్పింది. ఆ మాటను రోజువారీ కోర్టు పనిలో అమలుపరిచే చిన్న సాధనం ఈ 464.

ఇక్కడ జీడిమెట్ల కార్మికుడికి బాగా దగ్గరైన మరో చట్టాన్ని పక్కన పెట్టి చూడాలి. ఫ్యాక్టరీలో యజమాని కూడా కార్మికుడికి ఫైను వేయవచ్చు. కానీ అదే 1936 చట్టం 8వ సెక్షన్ దాన్ని గట్టిగా కట్టడి చేసింది. ఆ నెల జీతంలో నూటికి మూడు రూపాయలు మించకూడదు. పదిహేనేళ్లు నిండనివాళ్లకు ఫైనే వేయకూడదు. వసూలైన ప్రతి పైసా రిజిస్టరులో రాయాలి, కార్మికుల మేలుకే ఖర్చుపెట్టాలి. తొంభై రోజులు దాటితే వసూలు చేయకూడదు. వాయిదాల మీద అసలే వసూలు చేయకూడదు. ఇప్పుడు దాని స్థానంలో ఉన్న వేతనాల కోడ్ కూడా ఈ నిషేధాన్ని నిలుపుకుంది.

కోర్టులో వరంలాంటి వాయిదా ఫ్యాక్టరీలో నిషిద్ధం. నాకు ఇందులో వైరుధ్యం కనిపించదు, ఒకే ఆలోచన రెండు చోట్ల పనిచేసిందనిపిస్తుంది. ఫ్యాక్టరీలో ఫైను వేసేదీ జీతం ఇచ్చేదీ ఒక్క చెయ్యే. అక్కడ వాయిదాలు ఒప్పుకుంటే పెద్ద ఫైనును నెలనెలా కోస్తూ, బాకీ ఉందన్న సాకుతో మనిషిని పని మానకుండా కట్టిపడెయ్యవచ్చు. వాయిదా లేదంటే ఫైను ఒక్క జీతంలో తీరేటంత చిన్నదిగానే ఉండాలి. కోర్టులో పరిస్థితి వేరు. జరిమానా ఎంతో చట్టం ముందే చెప్పింది, తగ్గించే వీలు కొంతే, కట్టకపోతే జైలు. అక్కడ వాయిదా వల్ల మనిషి కట్టు వీడుతుంది. ఎక్కడ బలవంతుడి చెయ్యి ఎటు లాగుతుందో చూసి, ఒకచోట తలుపు మూసి ఇంకోచోట తెరిచారు. నిషేధమైనా వెసులుబాటైనా, రెండూ కాపాడేది జీతం మీద బతికేవాడినే.

ట్రాఫిక్ చలానాలకు మన రాష్ట్రంలో వేరే దారి తొక్కారు. 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద రాయితీ ప్రకటించి, ద్విచక్ర వాహనాలవాళ్లు నాలుగో వంతు కడితే చాలన్నారు. 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు. జనం ఎగబడి కట్టారు, ఆ సంగతి కాదనను. కానీ పడిన వెంటనే కష్టపడి మొత్తం కట్టినవాడికి అందులో దక్కింది ఏమీ లేదు. వాయిదా పద్ధతిలో జరిమానా రూపాయి తగ్గదు, చట్టం మాట చెక్కుచెదరదు, కట్టేవాడికి ఊపిరి తీసుకునే వ్యవధి మాత్రం దొరుకుతుంది. నాకు రెండో పద్ధతే న్యాయంగా కనిపిస్తుంది.

మిగతా ప్రపంచం ఈ చోటికి ఎప్పుడు చేరిందో చూస్తే మన సెక్షన్ మీద మరింత గురి కుదురుతుంది. బ్రిటన్‌లో జరిమానా కట్టడానికి గడువు ఇవ్వాలన్న చట్టం 1914లో వచ్చాక, కట్టలేక జైలుకు వెళ్లేవాళ్ల సంఖ్య బాగా పడిపోయింది. అమెరికాలో 1971 దాకా కూడా టెక్సాస్‌లోని హ్యూస్టన్ నగరంలో ట్రాఫిక్ జరిమానాలు 425 డాలర్లు కట్టలేని పేదవాడిని, రోజుకు 5 డాలర్ల లెక్కన 85 రోజులు జైల్లో ఉండమన్నారు. టేట్ వర్సెస్ షార్ట్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు అది చెల్లదంది. వాయిదాల మీద కట్టించుకోవడం లాంటి దారులు ఉన్నాయి కదా అని గుర్తుచేసింది. అప్పటికి మన దగ్గర ఆ దారి కోడ్‌లో రాసే ఉంది.

ముందు చెప్పకుండా ఆపిన సంగతి ఇప్పుడు చెప్పాలి. 1973 కోడ్ వచ్చినప్పుడు మొదటి తరగతి మెజిస్ట్రేటు వేయగల జరిమానా మామూలుగా 5,000 దాకానే. తర్వాత 2005 సవరణతో 10,000 అయింది. ఇప్పుడు సురక్షా సంహిత 23వ సెక్షన్‌తో 50,000. పరిమితి పదింతలైంది, వాయిదాలు మాత్రం రెండో మూడో అన్న దగ్గరే ఆగిపోయాయి. 5,000ను మూడు జీతాల మీద సర్దుకోవచ్చు. 50,000ను మూడు ముక్కలు చేస్తే ఒక్కోటీ 16,000 పైచిలుకు. అంత సొమ్ము నెలకు విడదీసి కట్టగలిగే హెల్పరు ఏ షెడ్డులో ఉంటాడు? ఉదాహరణలో 100ను 1,000 చేసినంత శ్రద్ధ ఇక్కడా పెట్టి, ఆరు వాయిదాలో పది వాయిదాలో చేసి ఉంటే కూర్పు పాత కొలతల్లోనే నిలిచేది. ఇంకో లోటు, మొదటి ఉపసెక్షన్ జరిమానా ఒక్కటే శిక్షగా పడినవాడికే వర్తిస్తుంది. కోర్టు లేచేదాకా కూర్చోమని నామమాత్రపు జైలు వేసి, దానితోపాటు జరిమానా వేస్తే, అక్షరాల ప్రకారం ఆ మనిషి ఈ తలుపు బయటే ఉండిపోతాడు. ఆ నాలుగు గంటల శిక్ష అతనికి తెచ్చిపెట్టే నష్టం ఇదీ. మంచి పనికి ఈ రెండు చోట్లా మళ్లీ చెయ్యి పడాలి.

అడగడం అనే మెట్టు మిగిలింది. సెక్షన్‌లో కోర్టు ఇవ్వవచ్చు అని ఉంది, ఇచ్చి తీరాలని లేదు. అడగనివాడికి రాదు. బెంచి ముందు నిలబడి "సార్, జీతం పడంగనే మొదటిది కడ్తా, మూడు దఫాలుగ కట్టుకోనియ్యుండ్రి" అన్న ఒక్క మాట తీర్పు చెప్పిన ఆ నిమిషంలోనే నోట రావాలి. కాగితం మీద పెట్టాలంటే జీతం చీటీ, అద్దె రసీదు, ఇంట్లో ఎందరున్నారో చెప్పే రేషన్ కార్డు జతచేసి చిన్న పిటిషన్ చాలు. తేదీలు ఏడో తారీఖు దాటాక వచ్చేలా అందులోనే కోరవచ్చు. కట్టిన ప్రతిసారీ కోర్టు ఇచ్చే రసీదు భద్రం చేసుకోవాలి, మూడోది కట్టాక బాండు రద్దయినట్టు ఫైలులో రాయించుకోవాలి.

అప్పటికే లోపల ఉన్నవాడికి 2023లో కేంద్ర హోంశాఖ తెచ్చిన పేద ఖైదీల సహాయ పథకం ఉంది. శిక్ష పడి, జరిమానా కట్టలేక జైల్లో ఆగిపోయినవాడి తరఫున 25,000 రూపాయల దాకా ప్రభుత్వమే కట్టే వీలుంది. జిల్లాలో ఒక కమిటీ కూర్చుని ఆ పేర్లు చూస్తుంది. ఇంకా లోపలికి వెళ్లనివాడికి వకీలు కావాలి. ఇక్కడే జీడిమెట్లవాళ్లకు తెలియాల్సిన హక్కు ఒకటుంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లో ఉచిత వకీలుకు అర్హుల వరుసలో మహిళలు, ఎస్సీ, ఎస్టీలతోపాటు పారిశ్రామిక కార్మికుడిని విడిగా పేర్కొన్నారు. అతని ఆదాయం ఎంతన్నది అడ్డురాదు. ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు పట్టుకుని మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా న్యాయ సేవల సంస్థ దగ్గరికి వెళ్లవచ్చు, వెళ్లే తీరిక లేకపోతే 15100కు ఫోన్ చెయ్యవచ్చు. తీర్పు రోజుకు ముందే వకీలును కలిసి, జరిమానా పడితే 464 కింద మూడు దఫాలు అడగమని చెప్పి ఉంచాలి.